షుగర్ లెక్క తప్పినప్పుడు పీయూష గ్రంథిని అనుమానించడం ఎలా

మా చిన్నమ్మది నర్సంపేట దగ్గర ఒక పల్లె. మూడో కాన్పులో రక్తస్రావం ఎంతకూ ఆగకపోతే నాలుగు సీసాల రక్తం ఎక్కించి ఆమె ప్రాణం నిలబెట్టారు. ఆ బిడ్డకు పాలు పడలేదు, నెలసరి మళ్లీ రాలేదు, చంకల్లోని వెంట్రుకలు కూడా రాలిపోయాయి. అయినా ఇంట్లో ఎవరమూ ఈ మూడింటినీ ఒకచోట చేర్చి చూడలేదు. "పొద్దుగాల లేస్తే కాళ్లు చేతులు గుంజుతున్నయి బిడ్డా, కండ్లకు చీకట్లు వస్తున్నయి" అని ఆమె పదిహేనేళ్లు చెప్పుకుంటూనే ఉంది. వెళ్లిన ప్రతిచోటా రక్తం తక్కువగా ఉందని చెప్పి బలానికి టానిక్కు రాసి పంపారు. ఒక చలికాలం తెల్లవారుజామున ఎంత లేపినా ఆమె లేవకపోతే, పక్కింటివారి గ్లూకోమీటరుతో చూశాం. అంకె 38 ఉంది. ఆమెకు షుగర్ వ్యాధి లేదు, షుగర్ మాత్ర ఏనాడూ నోట్లో వేసుకోలేదు. ఆ కాన్పునాడు రక్తం అందక దెబ్బతిన్న పీయూష గ్రంథే (పిట్యూటరీ) దీనికి కారణమని తేలడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

షుగర్ ఉన్నవారిలో అత్యధికులకు పీయూష గ్రంథి బాగానే ఉంటుంది. కాబట్టి ఇది చదివి ప్రతి ఒక్కరూ తల స్కానింగుకు పరుగెత్తాలని నా ఉద్దేశం కాదు. చక్కెర అంకెలు తిండికీ, మందుకూ, ఒంటి బరువుకూ పొసగకుండా పోయినప్పుడు, అదే సమయంలో శరీరంలో ఇంకేదో మారుతున్నప్పుడు, ఆ రెండింటినీ కలిపి వైద్యుని ముందు ఎలా పెట్టాలో, ఏ పరీక్షకు ఎలా సిద్ధపడాలో, చికిత్స మొదలయ్యాక ఇంట్లో ఏం చూసుకోవాలో చెప్పడమే ఇక్కడి పని.

ఈ గ్రంథికి చక్కెరతో ఏం సంబంధం

పీయూష గ్రంథి మెదడు అడుగున, ముక్కు మొదలుకు వెనుక, కంటి నరాలు కలిసే చోటుకు సరిగ్గా కింద, ఎముకలో ఉన్న చిన్న గుంటలో ఉంటుంది. శనగగింజంత పరిమాణం, దాదాపు అర గ్రాము బరువు. దీనికి నేరుగా ఇన్సులిన్‌తో పని లేదు. ఇన్సులిన్ క్లోమం నుంచి వస్తుంది. అయితే ఇన్సులిన్ చక్కెరను దించుతుంటే, అది మరీ దిగజారిపోకుండా పట్టి ఉంచే హార్మోన్లలో రెండు ఈ గ్రంథి చేతిలో ఉన్నాయి. ఒకటి పెరుగుదల హార్మోన్. దీన్ని గ్రంథి తానే తయారుచేస్తుంది. రెండోది కార్టిసాల్, ఇది మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథుల్లో తయారవుతుంది గానీ, తయారుచేయమని చెప్పే ఏసీటీహెచ్ అనే హార్మోన్ పీయూష గ్రంథి నుంచే వెళ్లాలి.

రాత్రి ఎనిమిదింటికి తిని పడుకున్న మనిషి తెల్లవారి ఏడింటికి గాని ఏమీ తినడు. ఆ పదకొండు గంటలూ రక్తంలో చక్కెర నిలకడగా ఉండటానికి కాలేయం తన నిల్వల నుంచి చక్కెరను వదులుతూ, కొత్తగా తయారుచేస్తూ ఉంటుంది. ఆ పని సాగడానికి కార్టిసాల్ కావాలి. నిద్రలో విడుదలయ్యే పెరుగుదల హార్మోన్ కొవ్వును కరిగించి కండరాలకు ఇంధనంగా అందించి, చక్కెరను మెదడు కోసం మిగులుస్తుంది. ఈ రెండు హార్మోన్లూ ఎక్కువైతే ఇన్సులిన్ మాట శరీరం వినదు, చక్కెర పెరుగుతుంది. తక్కువైతే పరగడుపున చక్కెర నిలవదు, పడిపోతుంది. అర్జెంటీనా శాస్త్రవేత్త బెర్నార్డో హూసే క్లోమం తీసేసి మధుమేహం వచ్చేలా చేసిన జంతువులకు పీయూష గ్రంథిని కూడా తొలగించి చూస్తే, వాటి మధుమేహం తీవ్రత తగ్గింది. ఈ పరిశోధనకే ఆయన 1947లో నోబెల్ బహుమతి అందుకున్నారు. షుగర్ రోగికి మందు మార్చకుండానే చక్కెర వరుసగా పడిపోవడం మొదలైతే సంతోషించకుండా కారణం వెతకాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు కనిపించలేదు.

చక్కెర పెరిగే వైపు ఏం గమనించాలి

గ్రంథిలో పెరిగే గడ్డలు చాలావరకు క్యాన్సర్ కావు, నెమ్మదిగా పెరుగుతాయి. అవి పెరుగుదల హార్మోన్‌ను అదేపనిగా విడుదల చేస్తే పెద్దవారిలో అక్రోమెగలీ అనే వ్యాధి వస్తుంది. ఎముకల చివరలు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి కాబట్టి మనిషి పొడవు పెరగడు, చేతులూ పాదాలూ దవడా వెడల్పవుతాయి. మార్పు ఏళ్ల తరబడి సాగడం వల్ల రోజూ చూసే ఇంటివాళ్లకు తెలియదు. అందుకే శరీరాన్ని కాకుండా వస్తువులను అడగడం మేలు: మెట్టెలు, ఉంగరాలు వేళ్లకు పట్టేశాయా, ఎప్పుడూ వేసుకునే సైజు గాజులు చేతికి ఎక్కడం లేదా, చెప్పుల సైజు పెరుగుతూ పోతోందా, పళ్ల మధ్య సందులు వచ్చాయా. పెళ్లినాటి ఫొటోను ఇప్పటి ముఖం పక్కన పెట్టి చూడండి. వీటికి తోడు గురక, విపరీతమైన చెమట, అరచేతుల్లో తిమ్మిరి, ఎంతకూ పోని తలనొప్పి ఉండి, చక్కెర కూడా పెరిగి ఉంటే ఆ ఫొటోలు రెండూ వైద్యునికి తప్పక చూపించాలి.

కార్టిసాల్ ఎక్కువైతే వచ్చేది కుషింగ్ సిండ్రోమ్. పీయూష గ్రంథిలోని చిన్న గడ్డ దీనికి కారణం కావచ్చని అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ 1932లో వివరించారు. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, మెడ వెనుక, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, కాళ్లూ చేతులూ మాత్రం సన్నబడతాయి. పొట్ట మీద సెంటీమీటరుకు మించిన వెడల్పుతో ఊదారంగు చారలు పడతాయి, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది, కింద కూర్చున్నవారు చేయి ఊనకుండా లేవలేరు, రక్తపోటు పెరుగుతుంది. ఇక్కడ చక్కెర తీరు కూడా వేరు. పరగడుపున దాదాపు మామూలుగా ఉండి, మధ్యాహ్నం భోజనం తర్వాత, సాయంత్రం బాగా పెరుగుతుంది. మనం సాధారణంగా పరగడుపున ఒక్కసారి చూపించుకుని ఊరుకుంటాం కాబట్టి ఇది చేజారిపోతుంది.

అయితే మన జిల్లాల్లో గుండ్రటి ముఖానికి గ్రంథిలోని గడ్డ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కారణమయ్యేవి స్టెరాయిడ్ మందులు, ఈ మాట నొక్కి చెప్పాలి. కీళ్ల నొప్పికి ఊళ్లో ఇచ్చే పేరులేని పొడి, ఆర్‌ఎంపీ దగ్గర వారానికోసారి వేయించుకునే సూది, ఆయాసానికి చీటీ లేకుండా దుకాణంలో కొనే చిన్న తెల్ల మాత్ర, ఇలాంటి వాటిలో డెక్సామెథాసోన్ గానీ ప్రెడ్నిసొలోన్ గానీ ఉండవచ్చు. అవి వేసుకున్నంతకాలం చక్కెర పెరుగుతుంది. బయటినుంచి కార్టిసాల్ లాంటి మందు అందుతున్నందున పీయూష గ్రంథి ఏసీటీహెచ్ పంపడం మానేస్తుంది. నెలల తరబడి వాడి, ఎవరో చెడ్డదన్నారని ఒక్కరోజులో ఆపేస్తే గ్రంథి వెంటనే మేల్కొనదు; నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం, చక్కెర పడిపోవడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అలాంటి మందు మూడు వారాలకు మించి వాడి ఉంటే సొంతంగా ఆపకండి. ఆ పొట్లాన్నో ఖాళీ పట్టీనో వైద్యుని దగ్గరికి తీసుకెళ్లండి. ఏం వాడారో చెప్పడానికి సిగ్గుపడవలసింది ఏమీ లేదు, నొప్పి భరించలేకే వాడారు.

ప్రొలాక్టిన్ అనే మరో పీయూష హార్మోన్ ఎక్కువైనప్పుడు కూడా ఇన్సులిన్ ప్రభావం కొంత మందగిస్తుంది. చక్కెర మీద దాని భారం పై రెండింటి కంటే తక్కువే. కాన్పుతో సంబంధం లేకుండా పాలు రావడం, నెలసరి ఆగిపోవడం, మగవారిలో కోరిక తగ్గడం దాని గుర్తులు.

చక్కెర పడిపోయే వైపు

ఇంగ్లండ్ వైద్యుడు హెరాల్డ్ షీహన్ 1937లో వివరించిన జబ్బే మా చిన్నమ్మది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి పీయూష గ్రంథి పెద్దదవుతుంది, దానికి రక్తం ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే కాన్పులో విపరీతంగా రక్తం పోయి రక్తపోటు పడిపోతే గ్రంథి కణాలు చచ్చిపోతాయి. పాలు పడకపోవడం మొదటి సూచన. మిగతావి ఏళ్ల మీద బయటపడతాయి. ఇంట్లో ఏ ఆడమనిషికైనా కాన్పులో రక్తం ఎక్కించిన చరిత్ర ఉండి, ఆ తర్వాత పాలూ నెలసరీ రాక, ఎప్పుడూ చలిగా, నీరసంగా, ఉదయం పూట మరీ డీలాగా ఉంటుంటే ఈ చరిత్రను వైద్యునికి మీరే చెప్పండి. ఇరవై ఏళ్ల కిందటి కాన్పు గురించి ఆయన అడగకపోవచ్చు.

రెండో కారణం పొలం పనుల వాళ్లు తెలుసుకోవలసినది. రక్తపింజరి కాటు విషం రక్తం గడ్డకట్టే తీరును చెడగొడుతుంది. విషం తీవ్రంగా ఎక్కి మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో కొందరికి పీయూష గ్రంథి కూడా దెబ్బతింటుంది. కాటు నుంచి కోలుకున్న వెంటనేగానీ, నెలలకో ఏళ్లకో గానీ అది బయటపడవచ్చు. పాము కాటు నుంచి బతికి వచ్చిన మనిషి మునుపటిలా పని చేయలేకపోతే, గడ్డం పలచబడితే, పరగడుపున చెమటలు పట్టి కళ్లు తిరుగుతుంటే "విషం ఒంట్లో మిగిలింది" అనుకుని వదిలేయకూడదు.

గ్రంథి మీద గడ్డ ఒత్తిడి, తలకు బలమైన గాయం, తలకు ఇచ్చిన రేడియేషన్ కూడా ఇదే పని చేస్తాయి. పుట్టిన బిడ్డకు చక్కెర పదే పదే పడిపోతూ, పసిరికలు వారాల తరబడి తగ్గకుండా, మగబిడ్డ అయితే పురుషాంగం మరీ చిన్నదిగా ఉంటే పిల్లల వైద్యుడు ఈ గ్రంథిని పరీక్షించాలి.

అప్పటికే షుగర్ ఉన్నవారి సంగతి ఇంకొంచెం చిక్కైనది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ ఇన్సులిన్ గానీ అదే మోతాదులో వాడుతున్నా చక్కెర తరచుగా 70 కంటే కిందికి పోతుంటే, ముందుగా మూత్రపిండాల పనితీరు చూడాలి. తరచుగా కారణం అక్కడే దొరుకుతుంది. అది బాగుండి, సోడియం తక్కువగా ఉండి, రక్తపోటు తగ్గుతూ, బరువు కోల్పోతుంటే కార్టిసాల్ పరీక్ష అడగండి. ఇలాంటివారికి కల్లు, సారా ప్రమాదకరం. మద్యం కాలేయం కొత్తగా చక్కెర తయారుచేయడాన్ని అడ్డుకుంటుంది. కార్టిసాల్ కూడా లేనివాడు ఖాళీ కడుపుతో తాగి పడుకుంటే తెల్లవారి లేవకపోవచ్చు.

అతిమూత్రం గురించి ఒక చిన్న మాట

రోజుకు మూడు లీటర్లకు మించి నీళ్లలాంటి మూత్రం, ఆగని దాహం ఉంటే అందరూ షుగర్ అంటారు. చక్కెర మామూలుగా ఉండీ ఇలా జరిగితే, పీయూష గ్రంథి వెనుక భాగం నుంచి వచ్చే, మూత్రాన్ని అదుపులో ఉంచే వాసోప్రెసిన్ హార్మోన్ తక్కువై ఉండవచ్చు. దీన్ని డయాబెటిస్ ఇన్సిపిడస్ అనేవారు; పేరులోని మొదటి మాట వల్ల షుగర్ మందు ఇచ్చే పొరపాటు జరగకూడదని 2022లో పేరు మార్చారు. దీనికి మందు డెస్మోప్రెసిన్. నీళ్లు తగ్గించి తాగమని మాత్రం చెప్పకండి, అది ప్రాణం మీదికి తెస్తుంది.

వైద్యుని దగ్గరికి వెళ్లే ముందు రెండు వారాలు

ఒక నోటుబుక్కు పెట్టండి. చక్కెర పరగడుపున ఒకసారి, మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసి రాయండి. పడిపోతోందన్న అనుమానం ఉంటే వారంలో రెండు రోజులు అలారం పెట్టుకుని తెల్లవారుజామున మూడింటికి కూడా చూడండి. స్ట్రిప్పులకు ఖర్చవుతుంది గనుక రోజూ అన్నిసార్లూ చూడనవసరం లేదు, రోజుకో సమయం మార్చి చూసినా తీరు తెలుస్తుంది. కళ్లు తిరిగినప్పుడు ముందు చక్కెర చూసి, ఆ తర్వాతే తినండి. అంకె లేకుండా "తింటే తగ్గింది" అని చెబితే వైద్యుడు దాన్ని నమ్మకంగా వాడుకోలేరు. స్పృహ తడబడుతుంటే మాత్రం పరీక్ష కోసం ఆగకూడదు. అంకె పక్కన ఆ రోజు రక్తపోటు, వేసుకున్న మందులన్నీ, వెంట్రుకల కోసం వాడే బయోటిన్ మాత్రలతో సహా రాయండి. బయోటిన్ హార్మోన్ పరీక్షల అంకెలను తారుమారు చేయగలదు, గర్భనిరోధక మాత్రలు కార్టిసాల్ అంకెను పెంచి చూపిస్తాయి.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీని కూడా కొన్నిచోట్ల గుడ్డిగా నమ్మకూడదు. రక్తహీనత ఉన్నా, ఈమధ్యే రక్తం ఎక్కించినా అది తప్పు చెబుతుంది. ఆదిలాబాద్ వైపు గోండు, కోలాం తదితర ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ లక్షణం ఉన్నవారున్నారు; వారిలోనూ పరీక్ష చేసే పద్ధతిని బట్టి ఈ అంకె మారిపోవచ్చు. అలాంటివారికి నోటుబుక్కులోని అంకెలే ఎక్కువ నమ్మకమైనవి.

పరీక్షలకు సిద్ధపడటం

కార్టిసాల్ ఉదయం ఎక్కువగా, అర్ధరాత్రి అతి తక్కువగా ఉంటుంది. తక్కువ ఉందేమోనని చూసే పరీక్షకు రక్తం ఉదయం ఎనిమిదింటికే ఇవ్వాలి. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో మొదటి బస్సుకు బయలుదేరి, ఓపీ చీటీ రాయించుకుని, మధ్యాహ్నం పన్నెండింటికి రక్తం ఇస్తే వచ్చే తక్కువ అంకెకు అర్థం ఉండదు. ముందురోజు రాత్రే హనుమకొండలో చుట్టాలింట ఉండడం నయం. ఉదయపు అంకె డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే లోపం ఉన్నట్టే లెక్క, 15 కంటే ఎక్కువైతే దాదాపు లేనట్టే. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ సూది ఇచ్చి మళ్లీ చూస్తారు. రక్తంలో ఏసీటీహెచ్‌ను కొలవాలంటే నమూనాను మంచులో ఉంచి త్వరగా వేరుచేయాలి, అందుకే ఊళ్లోని సేకరణ కేంద్రంలో కాకుండా పరీక్ష చేసే ల్యాబులోనే ఇవ్వండి.

కార్టిసాల్ ఎక్కువ ఉందేమోనని చూడటానికి రాత్రి పదకొండింటికి 1 మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ మాత్ర ఇచ్చి మరునాడు ఉదయం ఎనిమిదింటికి రక్తం తీస్తారు. అప్పటికి కార్టిసాల్ 1.8 కంటే దిగి ఉండాలి. అర్ధరాత్రి లాలాజలం, 24 గంటల మూత్రం కూడా పరీక్షిస్తారు. సింగరేణిలో రాత్రి షిఫ్టు చేసేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. పగలు నిద్రపోయేవారిలో కార్టిసాల్ ఎక్కుదిగుళ్ల వేళలు మారిపోతాయి, అర్ధరాత్రి లాలాజలం వారికి పనికిరాదు.

అక్రోమెగలీ అనుమానం ఉంటే మొదట, పెరుగుదల హార్మోన్ ప్రభావంతో తయారయ్యే ఐజీఎఫ్-1 అనే హార్మోన్‌ను రక్తంలో పరీక్షిస్తారు. దీనికి వేళతో పనిలేదు. అది ఎక్కువుంటే 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలపాటు పెరుగుదల హార్మోన్‌ను కొలుస్తారు. ఆరోగ్యవంతుల్లో గ్లూకోజు ఆ హార్మోన్‌ను అణచివేస్తుంది, గడ్డ ఉన్నవారిలో అణచలేదు.

థైరాయిడ్ దగ్గర చాలామంది పొరబడతారు. ల్యాబులో టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించి మామూలుగా ఉందంటే థైరాయిడ్ బాగుందని అనుకుంటాం. థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్‌ను పంపేది పీయూష గ్రంథే. గ్రంథే చెడినప్పుడు ఆ అంకె మామూలుగా కనిపిస్తూనే థైరాయిడ్ తయారుచేసే థైరాక్సిన్ తక్కువగా ఉంటుంది. అందుకే థైరాక్సిన్‌ను కొలిచే ఫ్రీ టీ4 కూడా అడగాలి. థైరాక్సిన్, కార్టిసాల్ రెండూ లోపించినట్టు తేలితే ముందు కార్టిసాల్ లోటు పూడ్చి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి. థైరాక్సిన్ ఉన్న కొద్దిపాటి కార్టిసాల్‌ను కూడా త్వరగా ఖర్చుచేసి రోగిని కుప్పకూలుస్తుంది. హార్మోన్ పరీక్షల్లో లోపం తేలాకే పీయూష గ్రంథి ఎంఆర్ఐ, దానితోపాటు కంటి వైద్యుని దగ్గర దృష్టి పరిధి పరీక్ష.

వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ వైద్యునికి నోటుబుక్కు చూపించి మొదలుపెట్టవచ్చు. హార్మోన్ల నిపుణుడు, ముక్కు ద్వారా గడ్డ తీసే న్యూరోసర్జన్ కలిసి చూడవలసి వస్తే హైదరాబాద్‌లోని నిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రికి పంపుతారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు తమ చికిత్స పథకం కిందికి వస్తుందో లేదో ఆరోగ్యమిత్రను ముందుగానే అడగాలి. హఠాత్తుగా భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు మందగించడం కలిసి వస్తే అది గడ్డలో రక్తస్రావం కావచ్చు. ఇక పరీక్షల వరుస కోసం చూడకుండా 108కు ఫోన్ చేయాలి.

చికిత్స మొదలయ్యాక ఇంట్లో

గడ్డ తీసిన తర్వాత హార్మోన్ తగ్గుతుంది, దానితో చక్కెర కూడా కొద్ది రోజుల్లోనే దిగివస్తుంది. పాత మోతాదులో ఇన్సులిన్ కొనసాగిస్తే చక్కెర పడిపోతుంది; అందుకే మొదటి వారాల్లో రోజుకు నాలుగుసార్లు చూసి, మోతాదు తగ్గించడానికి వైద్యునికి ఫోన్ చేస్తూ ఉండాలి. కొందరికి షుగర్ మందులు పూర్తిగా ఆగుతాయి, ఏళ్ల తరబడి ముదిరినవారికి కొంత మిగులుతుంది. శస్త్రచికిత్స కాకుండా మందులతో నడిపేటప్పుడు ఒక సంగతి అడిగి తెలుసుకోండి: పాసిరియోటైడ్ సూది హార్మోన్‌ను తగ్గించినా చక్కెరను పెంచగలదు, అక్రోమెగలీకి వాడే పెగ్విసోమాంట్ చక్కెరకు మేలు చేస్తుంది.

కార్టిసాల్ లోపం ఉన్నవారు హైడ్రోకార్టిసోన్ మాత్ర జీవితాంతం వాడవలసి రావచ్చు. పెద్దవారికి సాధారణంగా రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు. పెద్ద భాగం నిద్ర లేవగానే, మిగతాది మధ్యాహ్నం. ఇది కీళ్ల నొప్పి పొడిలోని స్టెరాయిడ్ లాంటి వాడకం కాదు, శరీరం తయారుచేయలేనిదాన్ని అంతే కొలతలో తిరిగి ఇవ్వడం. స్టెరాయిడ్ అన్న పేరు విని భయపడి మానేస్తే ప్రమాదంలో పడతారు. జ్వరం వస్తే వైద్యుడు రాసిచ్చిన ప్రకారం మోతాదును రెట్టింపో మూడింతలో చేయాలి, జ్వరం తగ్గాక పాత మోతాదుకు రావాలి. వాంతులై మాత్ర నిలవకపోతే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ సూది వెంటనే పడాలి.

చక్కెర 70 కంటే దిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 పిలవాలి. కార్టిసాల్ లేని మనిషికి ఒక్క గ్లూకోజు చాలదు, మళ్లీ పడిపోతుంది. గ్లూకోజుతో పాటు హైడ్రోకార్టిసోన్ సూది కూడా అవసరమని అంబులెన్సులో వచ్చినవారికి మీరే చెప్పాలి.

మా చిన్నమ్మ మేడారం జాతరకు పోయినప్పుడు మాత్రలను రెండు చోట్ల పెట్టుకుంటుంది, ఒకటి తన సంచిలో, ఒకటి కొడుకు జేబులో, జనంలో తప్పిపోయినా చేతిలో ఉండాలని. సూది మందు సీసా, సిరంజి ఒక డబ్బాలో ఉంటాయి. ఏటా వాటి గడువు తేదీ చూస్తాం. ఆమె మెడలోని సంచిలో అట్ట ముక్క మీద తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఇలా రాసి ఉంటుంది: "ఈమెకు పీయూష గ్రంథి పనిచేయదు. స్పృహ తప్పితే గ్లూకోజుతో పాటు హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల సూది వెంటనే ఇవ్వండి."